ఒక సున్నా ఖరీదు

పోయిన చలికాలంలో ఓ రాత్రి డల్లాస్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, 1974 డుకాటి 750 సూపర్ స్పోర్ట్ బైకు ఒకటి దొరికింది. మార్కెట్ రేటులో సగమే చెప్తున్నాడు. వారంలోపు ఏదో ఒకటి తేల్చమంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది, నువ్వోసారి ఫోటోలు చూడు" అన్నాడు. ఆ వెంటనే ముప్పై ఫోటోలు వచ్చి పడ్డాయి. వెండి రంగు ట్యాంకు, సముద్రపు పచ్చ ఫ్రేము, ముందు చక్రానికి రెండు డిస్కులు, నల్లటి కోంటి సైలెన్సర్లు. చూపు తిప్పుకోలేనంత బాగుంది. నేను ఇంకో రెండు ఫోటోలు అడిగాను. ఫ్రేము మీద గుద్దిన నంబరుది ఒకటి, ఇంజన్ కేసు మీద గుద్దిన నంబరుది ఒకటి.

మర్నాడు పంపాడు. రెండూ 75తో మొదలయ్యాయి. 075తో మొదలై ఉంటే ఆ బండి లక్ష డాలర్ల పైమాట. ముందు సున్నా లేదు కాబట్టి అది అదే కంపెనీ మామూలు మోడల్, 750 జీటీనో, 750 స్పోర్టో అయి ఉంటుంది. ఎవరో ఓపిగ్గా సూపర్ స్పోర్ట్ వేషం కట్టారు. ఆ వేషం తీసేస్తే దాని రేటు నాలుగో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది.

"అదే కంపెనీ, అదే కాలం, అదే 748 సీసీ. ఒక్క సున్నాకి ఇంత తేడానా?" అన్నాడు మావాడు. ఆ ప్రశ్నకు ఫోన్‌లో సగమే జవాబు చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే పాత ఇటలీ బైకుల రేట్లన్నీ దాదాపు ఆ సున్నా చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఆ ఇంజన్ సంగతి. డుకాటి 1926లో బొలోన్యాలో రేడియో విడిభాగాల కంపెనీగా పుట్టింది. యుద్ధంలో బోర్గో పనిగాలే ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. యుద్ధం అయ్యాక సైకిలుకు బిగించుకునే కుచ్చోలో అనే బుల్లి ఇంజన్‌తో మోటారు దారి పట్టింది. కుచ్చోలో అంటే కుక్కపిల్ల. 1954లో ఫాబియో తాల్యోని అనే ఇంజనీరు వచ్చి చేరాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు డుకాటి ఇంజన్ అంటే ఆయన గీసిందే.

ఆ రోజుల్లో రేసింగ్ ఇంజన్లకు పెద్ద బెడద వాల్వు స్ప్రింగు. వాల్వంటే సిలిండర్లోకి గాలీ పెట్రోలూ రానిచ్చే, పొగను పోనిచ్చే మూత. కొన్ని ఆసుపత్రుల్లో స్ప్రింగు తలుపులు ఉంటాయి కదా. మనం నెట్టుకుని లోపలికి వెళ్తే తలుపు దానంతటదే మూసుకుంటుంది. కానీ జనం వెంటవెంటనే దూసుకెళ్తుంటే అది మూసుకునే లోపే మళ్లీ తెరుచుకుంటుంది. ఇంజన్ వేగం బాగా పెరిగినప్పుడు వాల్వుకూ ఇదే గతి. స్ప్రింగు దాన్ని మూసే లోపే పిస్టన్ పైకి వచ్చేస్తుంది. స్ప్రింగు గట్టిది వేస్తే విరుగుతుంది, విరక్కపోతే వాల్వును తెరిపించే క్యామును అరగదీస్తుంది. తాల్యోని మూసే పనిని స్ప్రింగు మీద వదల్లేదు. వాల్వును తెరవడానికి రాకర్ అనే మీట ఒకటి, మూయడానికి ఇంకో రాకర్ పెట్టాడు. తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి తీయించి, వేయించినట్టు. దీన్నే డెస్మో అంటారు. ఈ ఆలోచన ఆయనకే మొదట వచ్చింది కాదు, 1954లో మెర్సిడెస్ రేసు కారులోనూ ఉంది. మిగతావాళ్లు వదిలేసినదాన్ని పట్టుకుని, చివరికి మామూలు జనం కొనుక్కునే బండిదాకా తెచ్చింది మాత్రం తాల్యోనే. 1956లో స్వీడన్ గ్రాండ్‌ప్రీలో 125 సీసీ డెస్మో పాల్గొన్న మొదటి రేసులోనే గెలిచింది. 1968లో డెస్మో రోడ్డు బండి కూడా వచ్చింది, అది సింగిల్ సిలిండరు.

1970లో ఆయన పెద్ద ఇంజన్ గీశాడు. రెండు సిలిండర్ల మధ్య 90 డిగ్రీలు. ఒకటి దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు పడుకుని ఉంటుంది, ఇంకొకటి నిటారుగా వెనక. ఆ కోణంలో పెడితే రెండు పిస్టన్ల కుదుపులు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. పైగా రెండు సిలిండర్లకూ గాలి బాగా తగులుతుంది. 1971లో ఈ ఇంజన్‌తో 750 జీటీ వచ్చింది. దూరప్రయాణాల బండి అది, వాల్వులకు మామూలు స్ప్రింగులే. ఆ తర్వాత పసుపు రంగు 750 స్పోర్ట్ వచ్చింది. దాంట్లోనూ స్ప్రింగులే.

ఇక 1972 ఏప్రిల్ 23. ఇటలీలోని ఇమోలాలో మొదటిసారి 200 మైళ్ల రేసు. ఎంవీ అగుస్తా, ట్రయంఫ్, నార్టన్, మోటో గుజ్జి, అందరూ వచ్చారు. డుకాటి 750 జీటీ ఫ్రేములనే తీసుకుని, ఇంజన్లకు డెస్మో హెడ్లు (వాల్వులుండే పై భాగాలు) బిగించి, గోడలకు అద్దాలున్న లారీలో ఎక్కించి తెచ్చింది. ఆ బండ్లకు సెంటర్ స్టాండు బిగించే చెవులు కూడా అలాగే ఉన్నాయి. ఆంగ్లేయుడు పాల్ స్మార్ట్ మొదట వచ్చాడు, బ్రూనో స్పజ్జారి రెండోవాడు. జకోమో అగొస్తీని ఎంవీ రేసు పూర్తి చేయనేలేదు. అప్పటిదాకా చిన్న బండ్ల కంపెనీ అనుకున్న డుకాటి ఒక్క మధ్యాహ్నంలో పెద్దల సరసన కూర్చుంది.

ఆ గెలుపు చూసిన జనం ఆ బండే కావాలన్నారు. కంపెనీ 1974లో అమ్మింది, 750 సూపర్ స్పోర్ట్ పేరుతో. డెస్మో హెడ్లు, 40 మి.మీ. డెల్లోర్టో కార్బొరేటర్లు, మొత్తం మూడు డిస్కులు, ఇమోలా బండ్లకు వేసిన ఆ సముద్రపు పచ్చ ఫ్రేము. తయారైనవి సుమారు 400. వాటికి విడిగా నంబర్ల వరస ఇచ్చారు, 075తో మొదలయ్యేది. ఫ్రేము మీద డీఎం750ఎస్ఎస్ అని, ఇంజన్ మీద డీఎం750.1 అని గుద్దారు. మావాడి ఫోటోల్లో లేని సున్నా ఇదే.

మరి ఇంకో నాలుగు వేలు చేసి అమ్ముకోవచ్చు కదా, 400తో ఎందుకు ఆపారు? దీనికి జవాబు నేను పుస్తకంలో చదవలేదు, కళ్లతో చూశాను. ఉద్యోగం పనిమీద బొలోన్యాలో ఉన్న రెండేళ్లలో, శనివారాలు ఒక ముసలాయన షెడ్డుకు వెళ్లేవాణ్ణి. పాత డుకాటిలే ఆయన లోకం. ఒకరోజు 750 ఇంజన్ విప్పి బల్లమీద పరిచాడు. ఈ ఇంజన్లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు నుంచి పైనున్న క్యాము దాకా చైన్ లేదు, బెల్టు లేదు. సిలిండరు పక్కన మెరిసే గొట్టంలో ఒక కడ్డీ, దాని రెండు చివర్లా ఏటవాలు పళ్ల గేర్లు. బెవెల్ గేర్లు అంటారు. రెండు గేర్ల పళ్లు మరీ దగ్గరైతే ఏడుస్తాయి, మరీ దూరమైతే కొట్టుకుంటాయి. సరిగ్గా కూర్చోబెట్టడానికి మధ్యలో షిమ్‌లు వేస్తారు, ఉల్లిపొరంత పల్చటి ఉక్కు రింగులు. ఆయన ఒక రింగు వేసి, పళ్లకు నీలం పూత రాసి, చేత్తో ఒక చుట్టు తిప్పి, పూత ఎక్కడ చెరిగిందో కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. తల అడ్డంగా ఊపి విప్పేశాడు. ఇంకో రింగు. మళ్లీ నీలం పూత. మళ్లీ తిప్పడం. ఒక్క కడ్డీ కుదరడానికి నేను తెచ్చుకున్న కాఫీ చల్లారిపోయి, ఇంకో కాఫీ తాగి, మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. ఇంజన్‌కు ఇలాంటివి చాలా చోట్ల ఉన్నాయి. డెస్మో అయితే ఆ పైన ప్రతి వాల్వుకూ తెరిచే వైపు ఒక సందు, మూసే వైపు ఒక సందు విడివిడిగా కొలిచి సరిచేయాలి.

ఇలా తయారయ్యే వస్తువుతో ఏ కంపెనీకీ డబ్బులు మిగలవు. అందుకే 1975 నుంచి అదే ఇంజన్ను సులువుగా బిగించేలా మార్చారు. గుండ్రటి కేసు పోయి పలకల కేసు వచ్చింది. కొన్నేళ్లకు పాంటా ఇంజన్‌తో గేర్ల బదులు పళ్ల బెల్టు వచ్చింది. బెవెల్ ఇంజన్ 1980ల మధ్యలో ఆగిపోయింది. సేకరించేవాళ్లు రౌండ్ కేస్, స్క్వేర్ కేస్ అని విడదీసి మాట్లాడేది దీన్నే. రౌండ్ కేస్ అంటే 1971 నుంచి 1974 దాకా, అంటే లెక్కల మనిషి మాట చెల్లకముందు తాల్యోని గీసింది గీసినట్టు తయారైన ఇంజన్. అందులో డెస్మో ఉండి, రోడ్డు మీద తిరిగే కాగితాలతో అమ్మినది ఆ 400 బండ్లే. నాకు తెలిసి ఆ ధరకు అసలు కారణం రౌండ్ కేస్, డెస్మో రెండూ అక్కడొక్కచోటే కలవడం.

ఇక అసలుదా కాదా తేల్చే పని. మన దగ్గర ఆర్‌ఎక్స్ 100 కొనేవాళ్లు ఆర్‌సీ బుక్కులో నంబర్లు సరిపోతే చాలంటారు. ఇక్కడ అంత తేలిక కాదు. మ్యాచింగ్ నంబర్స్ అనే మాట విని, ఫ్రేము నంబరూ ఇంజన్ నంబరూ ఒక్కటే కావాలనుకుని మంచి బండ్లను కాదనుకున్నవాళ్లున్నారు. ఈ డుకాటిలకు ఆ రెండూ ఒకటే ఉండాలన్న నియమం లేదు. రెండూ 075 వరసలో పడి, దగ్గరదగ్గరగా ఉంటే సరి. ఇంకోవైపు, నంబరు సరిగ్గా ఉందంటే బండి అసలుదనీ కాదు. అంకెలు గుద్దే అచ్చులు ఎవరైనా కొనుక్కోవచ్చు. అందుకే నేను అంకెల ఆకారం, వాటి లోతు, వాటి చుట్టూ ఇనుము గీరిన గుర్తులు చూస్తాను. కొత్తగా సాన పట్టిన చోట మెరుపు వేరేగా ఉంటుంది, రంగు కింద కూడా తెలిసిపోతుంది.

వాల్వు మూతలు విప్పి చూడనిస్తే ఇంకా మంచిది. డెస్మో హెడ్డులో నాలుగు రాకర్లు కనపడాలి, స్ప్రింగు ఇంజన్లో రెండే ఉంటాయి. అయినా డెస్మో హెడ్లు తర్వాతి మోడళ్ల నుంచి తెచ్చి బిగించవచ్చు. అన్నిటికన్నా నమ్మకమైనవి కాగితాలు. ఇటలీలో మొదటి రిజిస్ట్రేషన్ పత్రం, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో దిగినప్పటి దిగుమతి కాగితం, 70లలో ఎవరో ఇంటిముందు తీసుకున్న ఫోటో, పాత సర్వీసు బిల్లులు. బండి పుట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరి చేతుల్లో ఉందో తెగకుండా చెప్పగలిగితే ధరకు ఆ గొలుసే జామీను. ఇటలీలో ఏఎస్ఐ లాంటి పాత వాహనాల సంఘాలు పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తాయి. అది ఉంటే మేలే, అయినా కళ్లు మూసుకుని కొనడానికి అది చాలదు.

ట్యాంకు గురించి విడిగా చెప్పాలి. అసలు సూపర్ స్పోర్ట్ ట్యాంకు ఫైబర్ గ్లాసుది. పక్కన నిలువుగా ఒక చార రంగు వేయకుండా వదిలేశారు, పెట్రోలు ఎంత ఉందో అందులోంచే కనిపిస్తుంది. పనితనం మాత్రం నాసిగా ఉండేది. ట్యాంకు పూతలో ఒక ఈగ ఇరుక్కుపోయి ఉన్న బండి అమెరికా పత్రిక టెస్టుకు వచ్చిందన్న ముచ్చట ఈ బండ్లవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే అద్దంలా నున్నగా మెరిసే ట్యాంకు చూస్తే సంతోషపడకండి, అనుమానపడండి. అది కొత్తగా పోసినదైనా కావచ్చు, అసలుదాన్ని అతిగా రుద్దినదైనా కావచ్చు. ఈ మధ్య మార్కెట్ కూడా అటే మళ్లింది. రంగు అక్కడక్కడా లేచిపోయినా, ఫ్యాక్టరీ వేసిన రంగే ఉన్న బండికి మెరిపించిన బండికన్నా ఎక్కువ పలుకుతోంది. రంగు ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు, మొదటిసారి వేసింది మాత్రం ఒక్కసారే ఉంటుంది.

ఆ ట్యాంకుకు ఇప్పటి పెట్రోలు శత్రువు. ఎథనాల్ ఫైబర్ గ్లాసు జిగురును మెత్తబరుస్తుంది. మెత్తబడ్డ జిగురు కార్బొరేటర్లలోకి, అక్కణ్ణుంచి వాల్వుల మీదకి చేరి అంటుకుపోతుంది. మన దగ్గర ఈ20 (ఇరవై శాతం ఎథనాల్ కలిపిన) పెట్రోలుతో పాత బండ్లవాళ్లు పడుతున్న దిగులు బయటి దేశాల్లో ఈ డుకాటిలున్నవాళ్లు ఎప్పటినుంచో పడుతున్నారు. తెలిసినవాళ్లు అసలు ట్యాంకు తీసి గుడ్డలో చుట్టి అటకమీద పెట్టి, అల్యూమినియం ట్యాంకుతో బండి నడుపుతారు. అమ్మేటప్పుడు రెండూ ఇస్తారు. ఇది తప్పు కాదు, బండిని బతికించుకోవడం.

ఇటలీ అంటే డుకాటి ఒక్కటే కాదు. మోటో గుజ్జి వీ7 స్పోర్ట్‌లో 1971లో రేసింగ్ విభాగం చేత్తో కట్టిన మొదటి కొన్ని బండ్లు ఎర్ర ఫ్రేముతో వచ్చాయి, తెలాయో రొస్సో అంటారు. తర్వాతవి నడపడానికి ఏమాత్రం తీసిపోవు, రేటు మాత్రం చాలా తక్కువ. బ్రెగాంజె ఊళ్లో వ్యవసాయ యంత్రాలు చేసే కుటుంబం నుంచి వచ్చిన లావెర్డా, ఎండ్యూరెన్స్ రేసులకని చేసిన నారింజ రంగు 750 ఎస్ఎఫ్‌సీ బండ్లు 550 దాకా మాత్రమే. ఎంవీ అగుస్తా 750 ఎస్ కథ వేరు. 1958 నుంచి 1974 దాకా వరుసగా 17 ఏళ్లు 500 సీసీ ప్రపంచ టైటిల్ ఎంవీ నడిపినవాళ్లదే, కాబట్టి ఆ పేరుకే ధర. బండి బరువైనది, వెనక చక్రానికి చైన్ బదులు షాఫ్టు. నాకు మనసు పడని బండి అది, శబ్దం మాత్రం అద్భుతం. మొత్తానికి చేత్తో కట్టిన మొదటి కొద్ది బండ్లకే డబ్బంతా వెళ్తుంది. వాటి వెనకే అదే బుద్ధితో పుట్టి, ఎవరూ పట్టించుకోని అన్నదమ్ములు ఉంటాయి. నడపాలనుకునేవాడు వెతకాల్సింది వాటినే.

నేను నడిపింది ముసలాయన 1973 జీటీని. బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్ పోయే పాత రోడ్డులో ఫుటా కనుమ ఉంది, ఆదివారాలు బైకులతో కిటకిటలాడుతుంది. మేం వెళ్లింది మంగళవారం. జీటీకి ఉన్నవి అమాల్ కార్బొరేటర్లు. చోకు లాగే పని లేదు, కార్బొరేటర్ మీదున్న చిన్న బొడిపెను వేలితో నొక్కి పట్టాలి, పెట్రోలు పొంగి వేలు తడిసేదాకా. రెండింటికీ అంతే. తర్వాత కిక్కు. మొదటిసారి రాలేదు, రెండోసారి ఒక్క పేలుడు, మూడోసారి నిలబడింది. రెండు సిలిండర్లూ ఒకే క్రాంకు పిన్ను మీద ఉండటంతో పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండదు, 270 డిగ్రీలకొకటి, 450కొకటి. బుల్లెట్ డుగుడుగులా తూకంగా ఉండదు. ధన్-ధన్, కాస్త ఎడం, మళ్లీ ధన్-ధన్. గుర్రం కదం తొక్కినట్టు.

మలుపులో తొందరపడదు. చక్రాల మధ్య దూరం 1500 మి.మీ. పైనే, మన బుల్లెట్ కన్నా బాగా ఎక్కువ. కాబట్టి మలుపు రాకముందే మనసులో గీత గీసుకుని బండిని పడుకోబెట్టాలి. ఒకసారి వాలిందంటే రోడ్డులో గుంట వచ్చినా గీత తప్పదు. మొదటి పది కిలోమీటర్లు నేను దాన్ని తోస్తూ, లాగుతూ అలసిపోయాను. భుజాలు వదులు చేశాక అదే నన్ను తీసుకెళ్లింది. కనుమ మీద ఆగి చేతులు చూసుకుంటే వణుకు లేదు. అదే దారిలో సూపర్ స్పోర్ట్ మీద వెళ్లిన వాళ్లకు మణికట్లూ నడుమూ పట్టేస్తాయి, ఇంజన్ 6 వేల పైన తిరిగితేగానీ ఆ డెస్మో తేడా కనపడదు. ఊళ్ల మధ్య ఆ వేగం ఎక్కడ దొరుకుతుంది?

కొనే ముందు పక్కన పెట్టాల్సిన డబ్బు ఇంకొకటి ఉంది. రౌండ్ కేస్‌లో మార్చుకునే ఆయిల్ ఫిల్టరు లేదు, జల్లెడే ఉంది. ఆయిల్ సకాలంలో మార్చని బండిలో ఆ మురికంతా క్రాంకు పెద్ద బేరింగులోకి చేరి దాన్ని తినేస్తుంది. ఆ బేరింగు మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పి, క్రాంకును ప్రెస్సులో విడదీసి, మళ్లీ గురిగా బిగించాలి, ఆ పైన పొద్దున్నించి మధ్యాహ్నం దాకా షిమ్‌ల పని. చేయగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. ఇంజన్ ఎప్పుడు, ఎవరు విప్పారో బిల్లు చూపించలేని బండికి ఆ ఖర్చంతా ధరలోంచి తీసేసే బేరమాడాలి.

రేట్లు ఇలాగే పెరుగుతాయా అని చాలామంది అడుగుతారు. 1972లో ఇరవై ఏళ్లున్న కుర్రాడు గోడమీద అంటించుకున్న బొమ్మను అరవై ఏళ్లకు కొనుక్కున్నాడు. ఆ తరం ఇప్పుడు బండ్లు అమ్మేసుకునే వయసులో ఉంది. ఆ 400 బండ్లకు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారనే నా నమ్మకం. మామూలు మోడళ్లను పెట్టుబడి అనుకుని కొంటే నిరాశ తప్పదని కూడా నమ్ముతాను. ఆడకుండా పదేళ్లు పెట్టిన ఇంజన్‌కు సీళ్లు ఎండిపోతాయి, కార్బొరేటర్లు మూసుకుపోతాయి, అమ్మేనాటికి వచ్చిన లాభం మెకానిక్కుకే పోతుంది.

మావాడు ఆ అమ్మే మనిషికి నంబర్ల సంగతి మర్యాదగానే చెప్పాడు. జీటీ రేటుకైతే తీసుకుంటానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. నాలుగు నెలల తర్వాత టెక్సాస్‌లోనే ఒక నల్లటి 750 జీటీ దొరికింది. ట్యాంకు మీద రంగు పగుళ్లు తీసింది, సీటు చిరిగింది, కానీ 1973 నుంచి ఇద్దరే యజమానులు, బిల్లులన్నీ అట్టపెట్టెలో ఉన్నాయి. నంబరు 75తో మొదలవుతుంది, ఉండాల్సినట్టే.

మొన్న ఆదివారం వీడియో కాల్ చేశాడు. ఫోన్ను గోడకు ఆనించి, బొడిపె నొక్కి, తడిసిన వేలు నాకు చూపించాడు. మూడో కిక్కుకు అందుకుంది. కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు, కొత్తలో ఇబ్బందేమో అన్నాను. "తెనాల్లో నాన్న బుల్లెట్ మీదే కదన్నా నేర్చుకున్నది, దానికీ గేరు కుడివైపే" అని అరిచాడు. ఆ తర్వాత ఏదో అన్నాడు గానీ ఆ శబ్దంలో నాకు వినపడలేదు. క్లచ్ వదిలి వీధి మలుపు దాకా వెళ్లిపోయాడు, ఫోన్ గోడకే ఆనుకుని ఉంది.